పేరిందేవి బొమ్మల మంటపం

గాలి కచేరీ దినచర్య, ఏడులంకలు
రాస్తున్నది: గవరమ్మ, గాలి అధికారి

చైత్ర శుద్ధ విదియ

ఈ రోజు గాలి బాగుంది. మనుషులే బాగాలేరు.

ఈ దినచర్యలో గాలి సంగతులు తప్ప మరేమీ రాయకూడదని మా కచేరీ నియమం. ఆ నియమం పెట్టినాయన ఎప్పుడో పోయాడు. నేను బతికే ఉన్నాను, పైగా నా నోరు ఊరుకోదు. కాబట్టి ఏడు లంకల్లోనూ గాజుకప్పులు గట్టిగా ఉన్నాయనీ, ఫ్యాన్లు తిరుగుతున్నాయనీ ముందే రాసేసి అసలు సంగతికి వస్తాను.

పొద్దున దర్బారులో రెండు కుటుంబాలు కొట్టుకున్నంత పని చేశాయి. కారణం గోడ. మా దొరసాని పేరిందేవి కొత్త మంటపం కట్టిస్తోంది. దాని గోడల మీద ఏడు లంకల్లో ఉన్న ప్రతి మనిషి ముఖమూ వేయించాలని ఆవిడ పట్టుదల. పిండిమర వాళ్ళ పక్కన మా ముఖాలు వద్దని నేతవాళ్ళు అన్నారు. నేతవాళ్ళ పక్కన మావి వేస్తే ఆ మంటపంలో కాలు పెట్టమని పిండిమర వాళ్ళు అన్నారు. పేరిందేవి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా వింది.

"సరే, ఇద్దరి మధ్యా మా వదిన ముఖం పెట్టిస్తాను. ఆవిడ మొహం చూశాక మీకు ఒకళ్ళ మీద ఒకళ్ళకి కోపం గుర్తుండదు."

సభంతా నవ్వింది. ఆ వదినను నేనే.

పేరిందేవి నా మేనత్త కూతురు, నాకంటే చిన్నది. దర్బారులో దొరసానీ అంటాను, ఇంట్లో పేరీ అంటాను, ఒళ్ళు మండితే లంకిణీ అంటాను. ఏడు లంకలేలే మనిషి కాబట్టి ఆవిడ దాన్ని బిరుదుగానే పుచ్చుకుంటుంది.

తండ్రి పోయి కుర్చీ ఎక్కేనాటికి ఆవిడది ఇంకా జడగంటలు మానని వయసు. అప్పట్లో లంకలు నీళ్ళ కోసం ఒకదాని మొహాన ఒకటి తలుపులు వేసుకుంటూ ఉండేవి. పేరి ఏడింటికీ తిరిగింది. కొన్నిచోట్ల బతిమాలింది, కొన్నిచోట్ల బెదిరించింది, ఐదో లంకలో మాత్రం ఏకంగా తలుపు పగలగొట్టించింది. నీళ్ళ పైపులన్నీ ఒకటయ్యాయి. ఇక కుదురుగా కూర్చుంటుందిలే అని మేమంతా అనుకున్నాం.

"కడుపులు నిండాయి కదా వదినా, ఇంక కళ్ళు నిండాలి" అంది నాతో.

అప్పటి నుంచి వీణలు చేసేవాళ్ళూ, పద్యాలు కట్టేవాళ్ళూ, రేకుల మీద పూలు చెక్కేవాళ్ళూ ఆవిడ వంటింటి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆకలితో ఉన్న కవికి పద్యం బాగా రాదని ఆవిడ నమ్మకం. తిన్నాక వచ్చిన పద్యాల్లో నాకైతే పెద్ద తేడా కనిపించలేదు.

కానీ ఈ గోడ సంగతి వేరు. మా తాతల కాలంలో తెరలన్నీ ఆరిపోయాయి, వాటితోపాటే పాత బొమ్మలన్నీ పోయాయి. మా అమ్మ ఎలా ఉండేదో నా పిల్లలకి నోటితో చెప్పాల్సి వచ్చింది. ముక్కు ఇలా ఉండేది, నవ్వితే ఇలా ఉండేది అని ఎంత చెబితే మాత్రం ఏం తెలుస్తుంది? అందుకే గోడ మీద చోటు కోసం జనం ఇంతలా కొట్టుకుంటున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను.

చైత్ర అమావాస్య

నెత్తిన నిండు భూమి. భూమ్మీద వాళ్ళకి చంద్రుడు కనబడని రోజున చంద్రుడి మీద మాకు వెలుతురు పండగ.

మంటపం చూడ్డానికి వెళ్ళాను. చిత్రకారుడు పైడన్న నిచ్చెన మీద ఉన్నాడు. పొట్టి మనిషి, గడ్డం నిండా రంగులు, ఎవరైనా మెచ్చుకుంటే చెవులు ఎర్రబడతాయి. ఆరిన గోడ మీద రంగు వేస్తే రాలిపోతుందట. అందుకని ఆ రోజు ఎంతవరకు వేయగలడో అంతవరకే తడి సున్నం పూసి, ఆరేలోగా దిద్దేస్తాడు. గోడ గట్టిపడుతూ రంగుని తనలోకి లాక్కుంటుంది. ఆ తర్వాత తుడిచినా పోదు, కడిగినా పోదు.

సున్నానికి మా దగ్గర కొదవ లేదు. పీల్చే గాలి కోసం రాతి పొయ్యిల్లో చంద్రుడి రాయిని కరిగిస్తాం. గాలీ లోహమూ తీసుకోగా మిగిలిన తెల్లపొడి పొయ్యిల వెనక గుట్టలుగా పడి ఉంటుంది. ఇన్నేళ్ళూ దాన్ని అడిగిన నాథుడు లేడు. భూమి నుంచి వచ్చిన తాతల పద్ధతి పైడన్నకి కంఠతా వచ్చు, సున్నం ఒక్కటే లేక చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. ఆ గుట్ట చూసిన రోజున దాని మీదకెక్కి గంతులేశాడట.

పేరి అతనికి రోజూ ఒక చీటీ పంపుతుంది. ఇవాళ్టి చీటీ నేనే చదివి వినిపించాను: 'నిన్న వేసిన చెయ్యి మనిషి చెయ్యిలా లేదు, అరటిగెలలా ఉంది. చెరిపి మళ్ళీ వెయ్యి. బెల్లం పంపుతున్నాను, తిను.'

"చూశారామ్మా, ముందు తిడతారు, తర్వాత తినిపిస్తారు. ఏ వైపుకి ఏడవాలో తెలీదండి నాకు" అన్నాడు పైడన్న, బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని.

మంటపంలో ఒక విచిత్రం గమనించాను. అక్కడ కాసేపు కూర్చుంటే తల తేలికవుతుంది, కమ్మగా నిద్రపోయి లేచినట్టు ఉంటుంది. చూడవచ్చిన వాళ్ళంతా అదే మాట అంటున్నారు. పేరి పొంగిపోయింది.

"కళ అంటే ఇదీ వదినా! నీ ఫ్యాన్లు చెయ్యలేని పని నా గోడ చేస్తోంది."

నేను మూతి తిప్పుకున్నాను. నాకూ హాయిగానే ఉంది మరి.

వైశాఖ శుద్ధ దశమి

మా అందరికీ పంట పండించే వరిలంకకి పెద్ద, అబ్బులు కచేరీకి వచ్చాడు. పంట గురించి తప్ప మరో మాట మాట్లాడని మనిషి. పిలిస్తే తప్ప రాని మనిషి పిలవకుండా వచ్చాడు.

"చేను ఎత్తు రావట్లేదండి అమ్మగోరూ. పిలకెయ్యట్లేదు. నీళ్ళున్నాయి, ఎరువుంది, దీపాలు ఎలగుతున్నాయి. దానికేదో తినడానికి లేనట్టుందండి, ఆయ్."

మాది మూసిన ఇల్లు. మేం విడిచిన గాలిని వరి తింటుంది, ఆ వరిని మేం తింటాం, తిని మళ్ళీ విడుస్తాం. బయటి నుంచి చుక్క రాదు. అబ్బులుతో వెళ్ళి చేలో మీటర్ పెట్టి చూశాను. వరి తినే గాలి పోయిన నెలకంటే బాగా తగ్గింది. మా కచేరీ గోడ మీద ఉన్న మీటర్‌లో కూడా కాస్త కాస్తగా దిగుతూనే ఉంది. అది పాతదై తప్పు చూపిస్తోందనుకుని నేను దాన్ని రెండు వారాలుగా తడుతూ కూర్చున్నాను.

వైశాఖ పౌర్ణమి

కప్పు ఎక్కడైనా కారుతోందేమోనని మా కచేరీ వాళ్ళం అతుకులన్నిటికీ సబ్బునురగ రాసి చూశాం. ఒక్క బుడగ లేవలేదు. కారితే గాలంతా తగ్గాలి. మిగతాదంతా బాగానే ఉంది, వరి తినే గాలి ఒక్కటే పోతోంది. అంటే ఎక్కడో ఏదో దాన్ని తినేస్తోంది.

ఇల్లిల్లూ వెతికాం. నాలుగో లంకలో దొంగచాటుగా సారా కాచే ముసలాయన దొరికాడు. సారా పులిస్తే ఆ గాలి పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆయన చేస్తున్నది లోకోపకారమే కాబట్టి మెచ్చుకుని వచ్చేశాను.

అబ్బులు లెక్క ప్రకారం ఇలాగే ఉంటే పంట సగానికి సగం పడిపోతుంది. భూమి నుంచి ఓడలు రావడం మా నాన్న చిన్నప్పుడే ఆగిపోయింది. చంద్రుడి వెనకవైపు ఊళ్ళతో రాకపోకలు లేవు. అడిగి తెచ్చుకోవడానికి ఎవరూ లేరు. పేరికి చెబితే ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"ఎలాగైనా పట్టుకో వదినా. జనం ఆకలితో పడుకోవడం నేను మళ్ళీ చూడలేను" అంది.

వైశాఖ బహుళ సప్తమి

అబ్బులు భార్య నూకరత్నం పోయింది. చేలో కలుపు తీస్తూ కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. గుండె జబ్బు. ఎవరి మీదా విసుక్కోవడం తెలియని మనిషి.

మా ఆచారం ప్రకారం ఆవిడని చేలోకే పంపాం. మూసిన ఇంట్లో ఏదీ దాచుకోకూడదు. ఒళ్ళూ, జుట్టూ, కట్టిన చీరా అన్నీ మట్టిలో కలిసి మళ్ళీ అందరికీ అన్నమై రావాలి. పోయినవాళ్ళది గోరంత కూడా ఎవరూ ఉంచుకోరు. మేమంతా అలాగే పెరిగాం, దాన్ని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

కానీ నూకరత్నం ముఖం మంటపంలో ఉంది. కిందటి నెలే పైడన్న వేశాడు. గోడ మీద ఉన్నవాళ్ళలో మొదట పోయింది ఆవిడే. పని అయ్యాక అబ్బులు అక్కడికి వెళ్ళి కింద కూర్చుంటున్నాడు. ఇవాళ నేను వెళ్ళేసరికి గోడతో చెబుతున్నాడు, ఎడమవైపు మడి ఇంకా పచ్చబడలేదని. నన్ను చూసి సిగ్గుపడి లేచిపోబోయాడు. కూర్చోమని చెప్పి నేనే బయటికి వచ్చేశాను. నాకు ఏడుపు ఆగలేదు.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

సాయంత్రం మంటపంలో కవుల సభ. కాలు పెట్టే సందు లేదు. మీటర్ చంకలో పెట్టుకుని తిరగడం ఈ మధ్య నాకు అలవాటైపోయింది. పద్యాలు సాగదీస్తుంటే తోచక దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూశాను. అంతమంది ఊపిరి విడుస్తున్న గదిలో ఆ గాలి చిక్కగా ఉండాలి, అందరికీ ఆవలింతలు రావాలి. ఏడు లంకల్లో ఎక్కడా లేనంత పలచగా ఉంది. మీటర్‌ని గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఇంకా పడింది.

సభ అయ్యాక పైడన్నని పక్కకి పిలిచాను.

"ఈ సున్నం ఎలా గట్టిపడుతుంది పైడన్నా?"

"గోడ మన ఊపిరి పీల్చుకుంటుందండీ." అతని మొహం వెలిగిపోయింది. "అదే ఇందులో గొప్ప. మనం విడిచిన గాలి లోపలికి పోయి సున్నాన్ని మళ్ళీ రాయి చేస్తుంది. అందుకే నేను జనాన్ని రమ్మంటాను. ఎంతమంది వస్తే అంత గట్టిగా పడుతుందమ్మా."

"పీల్చినదాన్ని మళ్ళీ విడుస్తుందా?"

"విడిస్తే బొమ్మ రాలిపోదూ!"

భూమ్మీద సున్నపురాయిని బట్టీలో కాల్చి సున్నం చేస్తారు. కాల్చినప్పుడు ఆ రాయి ఊపిరి వదిలేస్తుంది, గోడ మీద ఆరినప్పుడు అంతే తిరిగి తీసుకుంటుంది. సరికి సరి. మా తెల్లపొడి చంద్రుడి రాయి నుంచి వచ్చింది. అది పుట్టి ఎప్పుడూ ఊపిరి వదిలి ఎరగదు, తీసుకోవడమే. పద్ధతి తాతలదే, తప్పేమీ లేదు. అది ఇక్కడికి సరిపడదని పైడన్నకి తోచలేదు. గాలి అధికారిని, నాకు మాత్రం ఏం తోచింది? హాయిగా ఉందని రోజూ వెళ్ళి కూర్చున్నాను.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

పొద్దున్నే పేరి ఇంటికి వెళ్ళాను. పెరుగన్నం కలుపుకుంటోంది. నన్ను చూసి నాకూ ఒక కంచం పెట్టించింది. చెప్పాను. ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"రేపట్నుంచి పూత ఆపించేస్తాను."

"ఆపితే చాలదు పేరీ. లోపలి పూతలు మూడు వేళ్ళ మందాన ఉన్నాయి. అవి ఏళ్ళ తరబడి తాగుతూనే ఉంటాయి. ఇప్పటికి తాగిందే మన వరిని కూర్చోబెట్టింది."

"తాగింది తిరిగొచ్చే దారి లేదా?"

"ఉంది. పెచ్చులు ఊడగొట్టి రాతి పొయ్యిలో ఎర్రగా కాల్చాలి. అప్పుడు కక్కుతుంది."

"ఎంతమేరకి?"

"మొత్తం."

పేరి కంచం పక్కకి జరిపింది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుంది. ఆవిడకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఇన్నేళ్ళూ ఈ లంకలకి పైపులు వేశాను, తలుపులు పెట్టాను, గొడవలు తీర్చాను. అవన్నీ అవసరాలు. ఎవరున్నా చేసేవాళ్ళు. నాకు కావాలని, చూసుకోవాలని చేసింది ఇదొక్కటే. రేపు నేను పోతే నన్నూ చేలో కలుపుతారు వదినా. కలపండి. కానీ ఒకత్తి ఉండేదని, మిమ్మల్నందరినీ ఇలా కళ్ళనిండా చూసుకుందని చెప్పడానికి ఏం మిగులుతుంది? అది కూడా పొయ్యిలో పెట్టమంటావా?"

"నేను పెట్టమనడం లేదు. చేను అడుగుతోంది."

"నీకు మొదట్నుంచీ నా మంటపమంటే లోకువ. వెళ్ళు. కొన్నాళ్ళు నీ మొహం నాకు చూపించకు."

"గోడ మీద ఉందిగా, అక్కడ చూసుకో లంకిణీ" అనేసి వచ్చేశాను. దారిలో నా మాటకి నాకే సిగ్గేసింది.

జ్యేష్ఠ బహుళ తదియ

పేరి కబురు లేదు. నేనూ వెళ్ళలేదు. చిన్నప్పుడు గచ్చకాయల దగ్గర పోట్లాడుకున్నప్పుడు కూడా ఇన్నాళ్ళు మాట్లాడుకోకుండా లేం.

పూత మాత్రం ఆగింది. పైడన్న మంటపం గుమ్మంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంటున్నాడు. వరిలంకలో ఆకులు చివర్ల నుంచి పసుపు తిరుగుతున్నాయి. కొలువులో పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, దొరసాని ఏమంటోందని నన్ను అడిగి పోతున్నారు. ఆలోచిస్తోందని చెప్పాను. తనంతట తాను ఆ మాట అనేదాకా ఇంకొకరి చేత చెప్పించడం నాకు ఇష్టం లేదు.

జ్యేష్ఠ బహుళ అష్టమి

కచేరీ తలుపు తోసుకుని పేరి వచ్చింది. వెంట ఎవరూ లేరు. చీర కుచ్చెళ్ళకి బురద, చేతిలో వేళ్ళతో సహా పీకిన వరి దుబ్బు. నా బల్ల మీద పెట్టింది.

"పట్టుకుని చూడు. బరువే లేదు."

"వరిలంకకి వెళ్ళావా?"

"మూడు రోజులుగా అక్కడే ఉన్నాను. అబ్బులింట్లో గంజి తాగాను. అంతా నేనే చెప్పాను వదినా అతనికి. నా గోడే నీ చేనుని తినేస్తోందని చెప్పాను. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనే వెళ్ళాను." కళ్ళు తుడుచుకుంది. "'చేను బతకాలండి' అన్నాడు. అని, 'తీసేముందు ఇంకో నాలుగ్రోజులు చూసుకోనిత్తారాండీ' అన్నాడు."

ఆవిడ నా భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం మొహాలు కడుక్కున్నాక, ఎప్పటిలా నడుం మీద చెయ్యి వేసుకుని, "పొయ్యిలు ఎప్పటికి సిద్ధం చేస్తావు?" అని అడిగింది.

ఆషాఢ శుద్ధ పంచమి

మంటపం నిండా జనం. పేరి కుర్చీ మీద కూర్చోలేదు, నిలబడే చెప్పింది.

"మీ ముఖాలు నేనే పెట్టించాను, నేనే తీయిస్తున్నాను. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి. పైడన్నని ఒక్క మాటన్నా నేను ఊరుకోను."

ఎవరూ తిట్టలేదు. ఏడ్చినవాళ్ళున్నారు. పైడన్న ముందుకు వచ్చాడు. "వేసిన చేతులతోనే తీస్తానమ్మా" అని ఉలి అందుకున్నాడు. మొదటి పెచ్చు ఊడినప్పుడు అతని నోటి నుంచి వచ్చిన చప్పుడు నేను ఇక్కడ రాయలేను.

ఎవరి ముఖాన్ని వాళ్ళు తట్టల్లో పెట్టుకుని పొయ్యిల దాకా మోసుకుపోయారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పిండిమర వాళ్ళ ముసలావిడ తట్ట మొయ్యలేకపోతుంటే నేతవాళ్ళ కోడలు ఒక పక్క పట్టుకుంది. నాది నేనే మోశాను. నిజం చెప్పొద్దూ, పైడన్న నన్ను కాస్త అందంగానే వేశాడు. పొయ్యిలో వెయ్యడానికి మనసొప్పలేదు. వేశాను.

అప్పుడు తట్టింది నాకు, పేరి ముఖం గోడ మీద ఎక్కడా లేదని. అడిగితే పైడన్న చెప్పాడు. గుమ్మం పైన చోటు ఉంచాడట. ఎప్పుడు కూర్చోమన్నా, అందరివీ అయ్యాక చూద్దాంలే అనేదట.

ఆషాఢ శుద్ధ దశమి

గోడలన్నీ రాళ్ళు తేలాయి. నూకరత్నం ముఖం ఒక్కటే మిగిలింది. దాని జోలికి పోవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

అబ్బులు తట్టతో వచ్చాడు. ఉలి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"నా చెయ్యి ఆడట్లేదండి. మీరే కొట్టెయ్యండి అమ్మగోరూ" అని ఉలి పేరి చేతికిచ్చి అటు తిరిగి నిలబడ్డాడు.

పేరి ఉలి పట్టుకుని చాలాసేపు ఆ ముఖాన్నే చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ ఒక్క ముఖంలో ఎంతుంటుంది వదినా?"

"ఒక మనిషి ఒక రోజు తినే అన్నం."

"ఉంచేస్తే?"

"ప్రతి పంటలోనూ అంత లోటు. ఎవరో ఒకరు పంటకో రోజు పస్తుండాలి."

"ఆ పస్తు నాది" అంది పేరి. "నేనున్నన్నాళ్ళూ నేను. నా తర్వాత ఈ కుర్చీ ఎవరెక్కితే వాళ్ళు. ఒప్పుకుంటేనే ఎక్కాలి."

పోయినవాళ్ళది ఏదీ ఉంచుకోకూడదు కదా అని వెనక నుంచి ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు.

"నూకరత్నం చేనుకి ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది పెద్దయ్యా. ఇది ఆవిడ దాచుకున్నది కాదు, నేనిస్తున్నది. మన ముఖాలు మన దగ్గరే ఉన్నాయి, పైడన్న మళ్ళీ దేని మీదైనా వేస్తాడు. ఆవిడది ఇంకెక్కడా లేదు."

ఆ తర్వాత మా అమ్మది, మా తాతది అని అడగబోయిన వాళ్ళకి ఆవిడ ఒక్కటే చెప్పింది: ఇంకెప్పుడూ సున్నం వద్దు, ఇదే మొదలు, ఇదే చివర. అందరూ నా వైపు చూశారు. గాలి అధికారిగా నేను ఒప్పుకోకూడదు. ఒప్పుకున్నాను. ఇక ఊపిరి తాగకుండా ఆ ముఖం చుట్టూ, మీదా మైనం పూశాం. అబ్బులు ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది. పేరి కాళ్ళకి మొక్కబోతే ఆవిడ చటుక్కున వెనక్కి జరిగి, "చేలోకి నడు, నారు పొయ్యాలి" అని కసిరింది.

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి

కొత్త నారు నిలబడి, పిలకలేసి, గింజ పాలు పోసుకుని పండింది. నిన్నటితో కోతలయ్యాయి. పైడన్న రేకుల మీద రాతిపొడితో ముఖాలు దిద్దడం మొదలుపెట్టాడు. పేరి చీటీలు కూడా మళ్ళీ మొదలయ్యాయి. కిందటి వారం ఆవిడ పస్తున్న రోజు. ఆ రోజు ఆవిడ చూపుకి జడిసి కవులు కూడా ఇళ్ళలోంచి బయటికి రాలేదు.

ఇవాళ చంద్రుడి వెనకవైపు ఊళ్ళ నుంచి దూత వచ్చాడు. వాళ్ళతో మాకు రాకపోకలు లేక చాలా కాలమైంది. ఏడులంకల్లో గొప్ప దొరసాని ఉందని, కళలంటే ప్రాణమని అక్కడిదాకా పాకిందట. కుర్రాడు మంచి బట్టలు కట్టుకుని, చెప్పాల్సిన మాటలు బట్టీ పట్టి వచ్చినట్టున్నాడు. అతను లోపలికి వచ్చేసరికి పేరి నేల మీద కూర్చుని కొత్త ధాన్యం చేటలో పోసుకుని అబ్బులుతో మాట్లాడుతోంది. మోచేతుల దాకా ఊక. నేను పక్కన కూర్చుని ఏరుతున్నాను.

దూత మా ముగ్గురినీ దాటుకుని ముందుకు నడిచాడు. అంత పెద్ద మంటపం, నాలుగు వైపులా ఉత్త రాయి, ఎదురుగోడ మీద ఒకే ఒక్క ముఖం. కలుపు తీసి తీసి చేలో దీపాల వేడికి కమిలిన నలుపు, కళ్ళ పక్క ముడతలు, ఎవరి మీదా విసుగు లేని నవ్వు. అతను ఆ ముఖం ఎదుట ఆగాడు. రెండు చేతులూ జోడించి నడుం దాకా వంగాడు.

"ఏడులంకలను కన్నబిడ్డల్లా సాకుతున్న దొరసాని వారికి వెనకవైపు ప్రజలందరి నమస్కారాలు" అన్నాడు గోడతో.

అబ్బులు చేతిలో ధాన్యం జారి నేల మీద పడింది. నేను నోరు తెరవబోయాను. పేరి నా మోకాలి మీద గట్టిగా చెయ్యి వేసి నొక్కింది. ఆవిడ మొహం చూశాను. అంత తృప్తిగా ఉండగా ఆ మొహాన్ని నేనెప్పుడూ చూడలేదు.

పేరి ఊక దులుపుకుని మెల్లగా లేచింది. దూత పక్కకి వెళ్ళి, తనూ గోడ వైపు చేతులు జోడించి నిలబడింది.

"ఆవిడ మాట్లాడరు బాబూ. ఏదైనా ఉంటే నాతో చెప్పండి, నేను చూసుకుంటాను" అంది. "ముందు రండి, కొత్త బియ్యం వండాం, అన్నం తిందురుగాని."